శిశుసంగీత బోధన: వినుటతో మొదలగు వృత్తి

పండిత జస్రాజ్ గారి తండ్రి మోతీరాం గారు 1934వ సంవత్సరమున హైదరాబాదు నగరమందే కాలధర్మము నొందిరి. అప్పటికి జస్రాజ్ నాలుగేండ్ల బాలుడు. ఆ పిమ్మటి బాల్యదినములలో, బడికి పోవు త్రోవలోనున్న యొక చిన్న హోటలు ముంగిట, గ్రామఫోను నుండి వెలువడు బేగం అఖ్తర్ గజలును వినుచు తాను నిలిచిపోయెడివాడననియు, ఆ మోహమున బడి సంగతియే మరచెడివాడననియు ఆయన పెద్దవాడైన తరువాత పలుమారులు చెప్పుకొనియున్నారు. ఆ హోటలు యజమాని సంగీతోపాధ్యాయుడు కాడు. తన రికార్డు ఎవని చెవిన బడి యేమి యగునో యతడు తలపోసియుండడు. అయినను, శాస్త్రమనగా నేమో తెలియని ప్రాయమున, వీధిలో వినబడిన యొక గొంతు ఆ బాలుని జీవితమార్గమును నిర్ణయించుటలో పాలుపంచుకొన్నది.

శిశువులకు సంగీతము నేర్పుటను వృత్తిగా స్వీకరింపగోరువారు ఈ వృత్తాంతమును మనస్సున నిలుపుకొనవలయును. మూడేండ్ల బిడ్డ మీ తరగతిలో అడుగుపెట్టు నాటికి ఆ బిడ్డ చెవి ఎంతో చదువు చదివియున్నది. తల్లిగర్భమున ఆరవ నెల దాటునప్పటికే వినికిడి మేల్కొనును. పుట్టిన పిదప జోలపాటయు, వీధికేకయు, పెండ్లివాద్యమును, పండుగ సందడియు ఆ చెవిని తీర్చిదిద్దుచునే యుండును. కావున ఈ అధ్యాయమున నేను చెప్పదలచిన దొక్కటియే: శిశువునకు సంగీతము నేర్పువారు ముందుగా ఆ శిశువు ఇదివరకే విన్నదానిని తాము వినవలయును, ఈ వృత్తికి కావలసిన విద్యయు, ఓర్పును, జీవనమును, గౌరవమును ఆ వినికిడిని ఆశ్రయించియే పెరుగును. హైదరాబాదు పాతబస్తీ వంటి చోట ఈ మాట మరింత సత్యము.

వృత్తిగౌరవము

పాండిత్యము గలవారు కచేరీ చేయుదురనియు, అంతగా లేనివారు పెద్దపిల్లలకు పాఠము చెప్పుదురనియు, ఏదియు రానివారు శిశువులకు పాటలు నేర్పుదురనియు లోకమున నొక వరుస ప్రచారమందున్నది. ఆ వరుసను నమ్మి ఈ వృత్తిలోనికి దిగినవారు, అందలి పనిని తాత్కాలికమైన మజిలీగా భావించి, మంచి అవకాశము కొరకు ఎదురుచూచుచు, ఎదుటనున్న బిడ్డలను సరిగా చూడకయే యేండ్లు గడుపుదురు. హంగేరీ దేశపు స్వరకర్తయు విద్యావేత్తయు నైన జోల్టాన్ కొడాయ్ 1929లో వ్రాసిన యొక వ్యాసమున దీనికి సరిగా వ్యతిరేకమైన వాదమును నిలిపెను. రాజధానిలోని ఒపెరా నాటకశాలకు అధ్యక్షు డెవరన్న ప్రశ్నకంటె, కిష్వార్ద అను చిన్న యూరి బడిలో పాటల పంతు లెవరన్న ప్రశ్నయే గురుతరమని ఆయన అభిప్రాయము; ఏలయనగా, అసమర్థుడైన అధ్యక్షుడు త్వరలోనే పదవి కోల్పోవును గాని, అసమర్థుడైన పంతులు ముప్పదియేండ్ల పాటు ఏటేట వచ్చు బాలబాలికల హృదయములలో సంగీతప్రీతిని అణచివేయుచునే యుండగలడు.

మన తెలుగునాట ఈ సత్యమును ఆచరణమున చూపిన దంపతులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గారలు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లతో రెండు తరముల బాలురకు ఆప్తులైన ఈ దంపతులు మద్రాసు ఆకాశవాణిలో బాలల కార్యక్రమములను నడిపి, 1945లో ‘బాల’ పత్రికను వెలయించి, 1956లో హైదరాబాదునకు తరలివచ్చి, ఇక్కడను ఆ సేవనే కొనసాగించిరి. పెద్దలు పాడి పిల్లలకు వినిపించుటతో వారు తృప్తినొందలేదు. మైకు ముందర పిల్లలనే నిలిపి, వారి తప్పటడుగు పాటను, తడబాటు మాటను గౌరవముతో లోకమునకు వినిపించిరి. పిల్లవాని గొంతును పెద్దలు శ్రద్ధగా విన్నప్పుడు ఆ గొంతునకు ధైర్యము కలుగునను ధర్మము వారి కృషి యంతటికిని మూలము. ఈ వృత్తిని కోరువారికి ఇంతకంటె దగ్గరి ఆదర్శము వెదకనక్కరలేదు.

పాతబస్తీ బిడ్డ విని వచ్చునది

శాలిబండ నుండి గౌలిపుర వరకు, అటనుండి లాల్‌దర్వాజ, మొగల్‌పుర, యాకుత్‌పురల వరకు గల గల్లీలలో నొక దినమెల్ల చెవి యొగ్గి నడచినవారికి, ఇచ్చటి బిడ్డలు ఎంత శబ్దసంపదతో బడికి వచ్చుచున్నారో అవగతమగును. తెల్లవారుజామున అజాన్ పిలుపు దీర్ఘముగా సాగును. అది ముగిసిన కొంతసేపటికి గుడిగంట మ్రోగును. ప్రొద్దెక్కిన కొలది కూరగాయల తోపుడుబండ్లవారు, పాతసామాను కొనువారు తమ తమ కేకలతో గల్లీని దాటుదురు. ఆ కేకలలో ప్రతిదానికి నొక స్వరపు వంపు, ఒక విరామము కలదు. పెండ్లియిండ్ల ముందర మర్ఫా దరువు వినబడును; ఆఫ్రికా, అరబ్బు దేశముల నుండి నిజాముల సైన్యములలో చేరవచ్చినవారి సంతతి ఈ నగరమునకు తెచ్చి పెంచిన వాద్యమది. ఆ పెండ్లియిండ్లలోపలనే స్త్రీలు ఢోలక్ చుట్టును గుమిగూడి దక్కనీ ఉర్దూలో, వియ్యాలవారిని మేలమాడు ‘ఢోలక్ కే గీత్’ పాడుదురు. ఆషాఢము వచ్చినదా, లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి సన్నిధికి బోనములు తరలునప్పుడు డప్పుల తీన్మార్ వీధివీధిని కదలించును. మొహర్రమునందు దబీర్‌పుర ప్రాంతమున నౌహాలు శోకస్వరమున సాగును. బతుకమ్మ దినములలో నొకరు పాడ పదుగురు పల్లవి నందుకొను పద్ధతిని నాలుగేండ్ల ఆడపిల్ల తల్లి కొంగు పట్టుకొని తిరుగుచునే గ్రహించును.

ఇంత విని వచ్చిన బిడ్డకు, తరగతిగది తలుపు మూసి, ఏ దూరదేశపు మంచునో వర్ణించు పద్యమును యంత్రముపై వినిపించి, దానిని వల్లె వేయించినచో, ఆ బిడ్డ తాను తెచ్చిన సంపదకు ఇక్కడ చెలామణి లేదని గ్రహించును. ఆ గ్రహింపు మాటలలో వెలువడదు. మౌనముగానో అల్లరిగానో వెలువడును. అప్పుడు ఉపాధ్యాయిని బిడ్డకు సంగీతజ్ఞానము లేదని తలచును. అందువలన ఈ వృత్తిలో ప్రవేశించినవారు మొదటి నెలలో నేర్పుట తగ్గించి వినుట పెంచవలెను. ఒక పుస్తకము పెట్టుకొని, ఏ బిడ్డ ఆడుకొనుచు నేమి కూనిరాగము తీయునో, ఏ లయకు తల యూపునో, ఇంటిలో అమ్మమ్మయో నానియో ఏ జోల పాడునో, తెలిసినంత మేరకు వ్రాసికొనవలెను. ఇది పరిశోధనకు తక్కువైన పని కాదు. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపద గేయసాహిత్యముపై చేసిన మహాపరిశోధనయు, పండితులు తక్కువగా చూచిన పాటలను ఇంటింట శ్రద్ధగా విను స్వభావము నుండియే పుట్టినది.

పసిగొంతు, దాని పరిమితి

పెద్దలు చేయు తప్పులలో మిక్కిలి తరచైనది శ్రుతి విషయమున జరుగును. మూడు నుండి ఐదేండ్ల బిడ్డ గొంతు సుఖముగా సంచరించు మేర చాల చిన్నది. హార్మోనియంపై చెప్పవలెనన్న రెండవ శ్రుతి మొదలుకొని ఆరవ శ్రుతి వరకు, అనగా సుమారు ఐదు స్వరముల పరిధి. కచేరీ అభ్యాసమున ఐదు శ్రుతికి అలవాటుపడిన గాయని ఆ శ్రుతిలోనే షడ్జమమును నిలిపి స-రి-గ పాడించినచో, బిడ్డకు ఆ స్వరములు క్రిందుగా పోయి, పాట మాటగా మారును. రెండు శ్రుతికి షడ్జమమును మార్చి స-రి-గ-ప పరిధిలో పాడించినచో, ఇంతకుముందు గొణిగిన బిడ్డయే స్పష్టముగా పాడుటను చూతుము. పురుషుడైన ఉపాధ్యాయుని గొంతు బిడ్డల గొంతునకు నొక స్థాయి క్రింద నుండును గనుక, పసివారు ఆ స్థాయినే అనుకరింప బోయి శ్రుతి తప్పుదురు. అట్టివారు తమ గొంతును సన్నగా పైస్థాయికి తెచ్చికొని పాడుటగాని, హార్మోనియముతో స్వరమును చూపుటగాని, ఇదివరకే చక్కగా పాడు నొక బిడ్డను ముందు పాడుమనుటగాని చేయవలెను. ‘బేసురా’ అను మాటను ఈ ప్రాయపు బిడ్డ చెవిన ఎన్నడును వేయరాదు. ఆ మాట విని నోరు మూసికొన్నవారు అరువదియేండ్ల వరకు మూసికొనియే యుండుట మన యిండ్లలోనే చూచుచున్నాము.

స్వరముల వరుస విషయమునను ఆలోచన కావలెను. కర్ణాటక సంప్రదాయమున పురందరదాసు నాటి నుండి వచ్చినదని చెప్పబడు మాయామాళవగౌళ సరళివరుసలు ఏడెనిమిదేండ్ల బాలునికి తిరుగులేని పునాది. కాని ఆ రాగమందలి శుద్ధరిషభమునకును అంతరగాంధారమునకును నడుమ గల పెద్ద యెడము మూడేండ్ల గొంతునకు పట్టుబడదు. లోకమునందలి బాలుర ఆటకేకలను పరిశీలించిన కొడాయ్ అనుయాయులు, పైనుండి క్రిందికి దిగు నొక చిన్న యెడముతో బోధ నారంభింతురు. మన పరిభాషలో నది ప-గ. మేడమీది నుండి తల్లి బిడ్డను పిలుచు పిలుపులో, దాగుడుమూతల కేకలో ఈ ప-గ యే తరచుగా వినబడును. దానికి ధైవతమును, పిమ్మట షడ్జరిషభములను చేర్చినచో మోహనరాగ మేర్పడును. హిందుస్తానీవారు దానినే భూప్ అందురు. అర్ధస్వరపు ఇబ్బంది లేని ఈ ఐదు స్వరములలో పిల్లలు ఎటు పోయినను చెవికి ఇంపుగానే యుండును గనుక, వారు తమంతట తాము పాట కట్టుటకు ధైర్యము వచ్చును. మ్యూనిక్ నగరమున 1924 నుండి బాలసంగీత ప్రయోగములకు దారితీసిన కార్ల్ ఓర్ఫ్ కూడ ఐదు స్వరముల మార్గమునే ఎన్నుకొనెను. కర్ణాటక, హిందుస్తానీ ధారలు రెండును ఇరుగుపొరుగుగా వినబడు పాతబస్తీలో, ఉభయులకు తెలిసిన ఈ రాగముతో మొదలిడుట ఎంతయు సముచితము.

లయ విషయమున నొక్క నియమము చాలును: మొదట గురువు బిడ్డ లయను అనుసరింపవలెను, పిమ్మట బిడ్డ గురువు లయను అనుసరించును. మూడేండ్ల బిడ్డ నడకలో అడుగులు పెద్దల అడుగులకంటె త్వరత్వరగా పడును. ఆ నడకకు ఢోలక్ కలిపినప్పుడు, తన పాదమునకు వాద్యము జవాబిచ్చుచున్నదని గ్రహించి ఆ బిడ్డ ఆశ్చర్యపడును. స్విట్జర్లాండు విద్వాంసుడు దాల్‌క్రోజ్ శరీరచలనమే లయకు తొలి బడియని బోధించెను. మన చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆటలును, ఉర్దూ ఇండ్లలోని అక్కడ్ బక్కడ్ లెక్కయు ఆ బోధనే ఏ గ్రంథము లేకుండ చేయుచు వచ్చినవి.

ఒక తరగతి నడచు తీరు

మూడేండ్లవారికి ఇరువది నిమిషములు, ఐదేండ్లవారికి అరగంట మించిన తరగతి నిష్ఫలము. ఆ స్వల్పకాలమును క్రమముగా వినియోగింపవలెను. మొదట ప్రతి బిడ్డ పేరును రెండు స్వరములలో పాడి పిలువుడు. పేరు పాడబడిన బిడ్డ తాను లెక్కకు వచ్చితినని తెలిసికొనును. తరువాత గొంతును క్రిందనుండి పైకి, పైనుండి క్రిందికి జారవిడుచు నొక ఆట ఆడింపుడు. మాటగొంతు, పాటగొంతు వేరని బిడ్డ దీనివలన కనుగొనును. పిమ్మట చప్పట్లతోగాని, నడకతోగాని లయాభ్యాసము సాగింపుడు. అటుపిమ్మట పాట. పాటను ముక్కలుగా విరిచి వల్లె వేయింపక, మొదటి మూడు మారులు మీరే సంపూర్ణముగా పాడి వినిపింపుడు. నాలుగవమారు నుండి బిడ్డలు తమకు నచ్చిన చోట తామే చేరుదురు. మాతృభాష నేర్చిన రీతినే వాద్యమును నేర్పవచ్చునని జపానుదేశపు సుజుకి నిరూపించినదియు ఈ సూత్రముననే: వినుట ముందు, అనుట వెనుక. చివర నొక నిమిషము నిశ్శబ్దముగా కూర్చుండి బయట వినబడు శబ్దములను గుర్తించు ఆటయు, ఒక జోలయు పెట్టుకొని తరగతిని ముగింపుడు.

వారమునకు నొక్క క్రొత్త పాటకు మించి నేర్పకుడు. నేర్పిన పాటను నెలల తరబడి విడువకుడు. పెద్దలకు విసుగు పుట్టించు పునరావృత్తి బిడ్డలకు విశ్వాసము నిచ్చును. పాడక ఊరక వినుచుండు బిడ్డను బలవంతపెట్టకుడు. అట్టి బిడ్డ తరగతిలో నోరు విప్పకపోయినను, ఇంటికిపోయి పాట యంతయు పాడుచున్నదని తల్లి చెప్పు సందర్భములు ఈ వృత్తిలో అందరికి ఎదురగునవే. నత్తి గల బిడ్డ పాటలో తడబాటు లేక పలుకుట తరచు జరుగును; ఆ బిడ్డకు పాట యొక ఆటవిడుపు మాత్రమే కాదు, మాటాడగలనను నమ్మకము. వినికిడి తక్కువైన బిడ్డను ఢోలక్ ప్రక్కనే కూర్చుండబెట్టి, అరచేతిని దాని ప్రక్కపలకపై నుంచినచో, కంపనము ద్వారా లయ నందుకొనును.

వాద్యములకు ధనము వెచ్చింపనక్కరలేదు. ఒక ఢోలక్, ఒక కంజిర లేదా దఫ్, రెండు జతల తాళములు, కొన్ని గజ్జెలు, ఒక శ్రుతిపెట్టె చాలును. డబ్బాలలో గింజలు పోసి మీరే చేయువాటికి మూతలు ఊడనట్లు గట్టిగా అంటింపుడు. చిన్న గింజ పసివాని గొంతున పడుట ప్రాణాపాయము. ఇరుకు గదులలో శబ్దము గోడలకు కొట్టుకొని రెట్టింపగును గనుక, నేలపై జంపఖానా, కిటికీకి మందమైన పరదా తప్పక యుండవలెను.

ఇల్లు, మతము, పంచాంగము

పాతబస్తీ ఉపాధ్యాయిని యొద్ద రెండు పంచాంగము లుండవలెను. ఆషాఢ బోనాలు, బతుకమ్మ ప్రతియేట ఇంచుమించు ఆయా ఋతువులయందే వచ్చును. ఇస్లామీయ చాంద్రమానమున సంవత్సరము సుమారు పదునొకండు దినములు తక్కువ గనుక, రంజానును మొహర్రమును ఏటేట ముందునకు జరుగుచుండును. మొహర్రము తొలి పది దినములలో, దబీర్‌పుర నుండి బీబీ కా అలం ఊరేగింపు వెడలు నాటి వరకు, షియా కుటుంబముల బిడ్డలకు ఉల్లాసగీతములు పాడించుట తగదు. ఆ దినములలో కథలు చెప్పుటయు, నిశ్శబ్దముగా విను ఆటలాడించుటయు మర్యాద. రంజానులో బడివేళలు మారును, ఇండ్లలో నిద్రవేళలు మారును; బిడ్డలు అలసియుందురు; తరగతి మృదువుగా సాగవలెను.

కొన్ని కుటుంబములు వాద్యములను, కొన్ని సంగీతమునే మతరీత్యా సమ్మతింపవు. వారితో వాదమునకు దిగుట అవివేకము, వారికి తెలియకుండ నేర్పుట ద్రోహము. ముందుగనే తల్లిదండ్రులను కూర్చుండబెట్టుకొని ఏమి చేయుదుమో, ఏమి చేయమో స్పష్టముగా చెప్పవలెను. “ఆపా, మా బిడ్డకు బాజా వద్దు” అని యొక తల్లి కోరినచో, “సరే బాజీ, చప్పట్లు, పద్యముల లయ, వినుట ఇవి మాత్రము చేయింతును” అని యొప్పుకొని ఆ మాట నిలుపుకొనవలెను. అట్లే యొక మతమునకు చెందిన భక్తిగీతమును తక్కినవారిచే పాడింపకుడు. వినుట గౌరవము, పాడించుట నిర్బంధము. వర్షము, పిచ్చుక, రొట్టె, అమ్మ, గాలిపటము ఇట్టి విషయములపై పాటలు ఉర్దూలోను తెలుగులోను సమానముగా నేర్పినచో, ఇరుగుపొరుగు భాష ఇరువురి నాలుకపైనను నిలుచును.

సంగీతము మన గల్లీకి సంబంధించినది కాదని తలచు పెద్దలు కొందరుందురు. పాటియాలా గాయనమున సాటిలేని బడే గులాం అలీ ఖాన్ సాహెబు 1968లో ఈ నగరమందే కన్నుమూసి, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ సమాధిభూమిలోనే విశ్రమించుచున్నారని వారికి చెప్పుడు. ఆ ప్రక్కగా ప్రతిదినము నడచుచు ఈ సంగతి యెరుగని కుటుంబము లెన్నియో కలవు. గల్లీ పెద్దలకు తమ గల్లీపై గల అభిమానమే మీకు మొదటి సహాయము.

శిక్షణము, జీవనము, ఒప్పందము

ఈ వృత్తికి రెండు విద్యలు కావలెను, ఒకటి యున్నచో చాలదు. సంగీతము కొరకు రామకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాదులోని శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నవి; 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయమునందును సంగీతశాఖ కలదు. శిశువుల మనస్తత్త్వము కొరకు పూర్వప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణమునుగాని, మాంటిస్సోరి పద్ధతినిగాని అభ్యసింపవలెను. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసునకు వచ్చి 1946 వరకు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినందున, ఆ మార్గము మనకు చిరపరిచితము. ఆ పద్ధతియందలి స్వరఘంటలు పసిచెవికి శ్రుతిభేదమును తెలుపు చక్కని సాధనములు.

ఇప్పటి కాలము ఈ వృత్తికి అనుకూలము. 2020 జాతీయ విద్యావిధానము మూడు నుండి ఎనిమిదేండ్ల ప్రాయమును నొక్క పునాదిదశగా గ్రహించినది. 2022లో వెలువడిన ఆ దశ పాఠ్యప్రణాళికాచట్రము బిడ్డ వికాసమున కళాసౌందర్యాభిరుచికి ప్రత్యేకస్థాన మిచ్చినది. 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలలో మూడు నుండి ఆరేండ్ల బిడ్డలకు ఆటపాటలతో కూడిన చదువు విధియైయున్నది. అయినను, సంగీతమునకే ప్రత్యేకముగా నొక ఉపాధ్యాయినిని నియమించుకొను చిన్న బడులు తక్కువ. కావున ఈ వృత్తిలోని వారు సాధారణముగా రెండు మూడు బడులలో వారమునకు కొన్ని తరగతులు, సాయంకాలము ఇంటివద్ద నొక చిన్న బృందము, ఆదివారము తల్లీబిడ్డల కూడిక నొకటి, ఇట్లు కూర్చుకొని జీవింతురు. ఎన్ని తరగతులు, నెలకెంత, వేసవి సెలవులలో నేమి, వార్షికోత్సవపు అదనపు శ్రమకు నేమి అను నాలుగు సంగతులను మొదటి దినముననే కాగితముపై వ్రాయించుకొనుట గౌరవహాని కాదు, గౌరవరక్షణము. బడులను దగ్గర దగ్గరగా ఎన్నుకొనుడు. చార్మినారు చుట్టుపట్ల రద్దీలో నొక గంట చిక్కుకొని చేరినవారి గొంతులో జోల పలుకదు.

వార్షికోత్సవము వచ్చినప్పుడు యాజమాన్యము సినిమాపాటకు నృత్యము కట్టుమని కోరుట పరిపాటి. తిరస్కరించి కలహింపకుడు. దానికి ప్రక్కగా, బిడ్డలు ఏడాది పొడవునను పాడిన మూడు చిన్న పాటలను తల్లిదండ్రులతో కలిసి పాడించు పది నిమిషములు అడుగుడు. తమ బిడ్డతో గొంతు కలిపిన తల్లిదండ్రులు మరుసటియేట మీ తరగతి కొరకు తామే యాజమాన్యముతో మాటాడుదురు.

బిడ్డల రక్షణ విషయమున ఉపేక్ష కూడదు. తరగతి తలుపు తెరచియే యుండవలెను. ఒక బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి పాఠము చెప్పరాదు. చేయి పట్టి తాళము వేయించుటకైనను బిడ్డ యిష్టమును కనిపెట్టవలెను. లైంగిక నేరముల నుండి బాలలకు రక్షణ కల్పించు 2012 నాటి చట్టము ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసినవారు దానిని పోలీసులకు తెలుపుట విధి. ఉపాధ్యాయులు దీనికి మినహాయింపు కారు.

మీ గొంతు, మీ సాధన

బిడ్డల గోలపై గొంతెత్తి అరచుట ఈ వృత్తిలోని వారి గొంతును చెరచు ముఖ్యకారణము. నిశ్శబ్దమును కోరునప్పుడు మాట పెంచక తగ్గింపుడు, లేదా యొక నిర్ణీతమైన దరువు వేయుడు. తరగతికి తరగతికి నడుమ నీరు త్రాగుడు. బొంగురు కనిపించిన దినమున పాడక వాద్యముతోను, చేతిసంజ్ఞలతోను నడపుడు. బొంగురు రెండు మూడు వారములు తగ్గనిచో వైద్యుని చూడుడు. ప్రతిదినము మీ స్వంత సాధనకు అరగంట మిగుల్చుకొనుడు. శిశువులకు సరళముగా పాడువారు తమ సంగీతమును సరళములతోనే ముగించినచో, కొంతకాలమునకు ఆ సరళములును నిర్జీవములగును. పెద్ద రాగమును ఆలపింపగల గొంతే రెండు స్వరముల పాటకు నిండుదనము నీయగలదు.

ఆచరింపవలసినవి

1. రాబోవు నెలలో మీ గల్లీలో వినబడు ఇరువది శబ్దములను వ్రాసి, వానిలో ఐదింటి స్వరపు వంపును హార్మోనియంపై గుర్తింపుడు.

2. ఇరుగుపొరుగున నున్న ముగ్గురు వృద్ధస్త్రీల యొద్ద, వారి అనుమతితో, నొక్కొక్క జోలను నేర్చుకొనుడు; వానిలో నొకటైనను మీ యింటిభాష కానిదై యుండవలెను.

3. రెండు శ్రుతిలో, మోహనరాగ స్వరములతో, నాలుగు పంక్తులకు మించని పాట నొకటి మీరే కట్టి, ఒక బిడ్డకు పాడి వినిపించి, ఆ బిడ్డ మార్చిన చోటును గమనింపుడు. తరచు ఆ మార్పే మేలైనదిగా నుండును.

4. ఒక అంగన్‌వాడీ ఉపాధ్యాయినితో నొక పూట గడిపి, ఆమె తోడ్పాటున నొక పాటను బిడ్డలకు పాడి చూపుడు.

5. ప్రతి బిడ్డకు నొక పుట కేటాయించి, మూడు నెలల కొకమారు నాలుగు సంగతులు వ్రాయుడు: వినుట, లయ, గొంతు, తోటివారితో కలయిక. మార్కులు వేయకుడు.

ఈ వృత్తి మీకు తగునా?

సంగీతము ప్రియమైనంత మాత్రమున ఈ వృత్తి తగునని చెప్పజాలము. బిడ్డలు ప్రియమైనంత మాత్రమునను చెప్పజాలము. ఒక పరీక్ష కలదు. అదే పాటను, అదే బృందముతో, ఇరువదవ మారు పాడునప్పుడు, నిన్నటివరకు మౌనముగానున్న బిడ్డ పెదవులు నేడు కదలినవా లేదా యని చూచు ఆతురత మీలో ఇంకను మిగిలియున్నదా? మిగిలియున్నచో, ఎవరేమనినను, ఈ వృత్తిని నిశ్చింతగా చేపట్టుడు. జీతము మొదట స్వల్పమైనను, మీ గల్లీలో మీ స్థానమును మరియొకరు తీసికొనజాలరు. మిగిలియుండనిచో, కచేరీయో, వాద్యబోధనయో, రేడియో కార్యక్రమమో, ఇట్టి గౌరవప్రదమైన సంగీతవృత్తులు మరి యనేకము కలవు. వానికి మరలుడు, అందులో లోపమేమియు లేదు. సంవత్సరాంతమున ఫలితము నెంచుకొనవలసి వచ్చినప్పుడు వేదికను జ్ఞాపకము చేసికొనకుడు. తల్లుల నడుగుడు: ఇంటిలో, ఎవరును కోరకయే, మీ బిడ్డ పాడుచున్నదా? ఆ ప్రశ్నకు ‘ఔను’ అను జవాబు లెన్ని వచ్చునో, అంతయే మీ యేడాది సంపాదన.